గంటన్నర దూరం

మా అవ్వకు, అంటే అమ్మకు, మైళ్ళు తెలియవు. తరవాత కిలోమీటర్లు వచ్చాయి, వాటినీ ఆమె పట్టించుకోలేదు. ఫలానా ఊరు ఎంత దూరమని అడిగితే ఎంత సేపు పడుతుందో చెప్పేది, అదీ ఎడ్లబండి లెక్కన. మా ఊరి నుంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటుకు చెరుకు బండి మీద గంటన్నర. ఆమెకు తెలిసిన కొలతల్లో ఇదే గట్టిది. తక్కినవన్నీ దాని పక్కన పెట్టి చెప్పేది. రెంజల్ దానికంటే కొంచెం ఎక్కువ, కందకుర్తి దానికి మూడింతలు, మోస్రా అయితే ఒక పొద్దు.

ఆ గంటన్నర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న దాంట్లో ఆమెకు గట్టి పట్టింపు ఉండేది. మా బాపు, అంటే నాన్న, ఉన్న రోజుల నుంచీ ఇంట్లో అదే పద్ధతి. కొట్టంలో నుంచి ఎడ్లను తెచ్చి కాడి కట్టగానే లెక్క మొదలు. ఇరుసుకు కందెన పూయడం, కాలువ దగ్గర ఎడ్లకు నీళ్లు తాగించడం, ఎదురొచ్చే బండికి దారి వదలడం, అన్నీ అందులోనే. గేటు ముందు వరసలో బండి నిలిపి కాడి విప్పితే ముగిసినట్టు. నేను చదువుకునే రోజుల్లో ఒకసారి, బండి కదిలినప్పటి నుంచి చూస్తే గంటంబావే కదా అని తెలివి చూపించబోయాను. అవ్వ నా వైపు జాలిగా చూసింది.

"బండి కదిలినంక ఎవడన్న పోతడు బిడ్డా. కదిలేదాకనే కష్టం. కాడి కట్టినకాడి నుంచి కాడి విప్పేదాక ఎంతసేపైతదో గంతనే దూరం" అంది.

భూగోళం పాఠాలు చెప్పుకుని బతికిన నాకు దూరం గురించి ఇంతకంటే మంచి మాట ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ మాటను నేను ఆనాడే పట్టుకుని ఉంటే ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు నాకు రెంజల్ బడిలో నౌకరీ దొరికింది. అప్పటికి బాపు పోయి మూడేళ్లు. ఇంట్లో అవ్వ, నేను, నాకంటే ఆరేళ్లు చిన్నదైన చెల్లె. కొంత చెరుకు, దాని పక్కన ఇంత పసుపు. నౌకరీ దొరికాక ఊళ్లోవాళ్లు నన్ను సార్ అనడం మొదలుపెట్టారు. ఇరవై నాలుగేళ్లవాణ్ణి పట్టుకుని సార్ అంటే ఏమవుతుంది? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం తయారవుతాడు. నేనూ అట్లాగే తయారయ్యాను.

చెల్లెకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో మోస్రా వైపు నుంచి ఒకటి వచ్చింది. పిల్లవాడు నాగపూర్ విమానాశ్రయంలో పని చేస్తున్నాడు. టపా సంచులను విమానంలోకి ఎక్కించడం, దించడం అతని పని. పిల్లను చూడటానికి వచ్చినప్పుడు మాటల మధ్య హైదరాబాద్ నుంచి వచ్చే విమానం సంగతి చెప్పాడు. బేగంపేటలో లేచిందంటే గంటన్నరలో తమ దగ్గర వాలుతుందట. ఒక్కోసారి మన వైపు నుంచి వచ్చిన పార్సిలు మూటలో పసుపు వాసన వస్తుందట. ఆ పూట ఇంక పని చేయబుద్ధి కాదట. తలుపు చాటున చెల్లె నవ్వడం నాకు వినబడింది. ఆమెకు అతడు నచ్చాడు. ఆ సంగతి నోటితో చెప్పలేదు గాని, వాళ్లు పోయాక ఖాళీ చాయ్ గ్లాసులు ఎత్తడం మరచిపోయి అక్కడే నిలబడింది.

అవ్వ మాత్రం వాళ్ల బండి మలుపు తిరగకముందే తేల్చేసింది.

"పిలగాడు మంచోడే. గని నాగపూర్ మనకొద్దు. నేను పోయేటప్పుడు నా నోట్ల నీళ్లు పొయ్యనీకి నా బిడ్డ ఉండాలె. గంత దూరం ఇచ్చినంక యాడొస్తది?"

ఇది ఆమె ఊరికే అన్న మాట కాదు. మా ఇంటి ఆడవాళ్లకు అదొక పట్టింపు. కొడుకు తలకొరివి పెడతాడు, అది వాడి పని. ప్రాణం పోయే వేళ గొంతు తడపడం మాత్రం కడుపున పుట్టిన ఆడపిల్ల చేతి మీదుగా జరగాలి. బిడ్డ పోసిన నీళ్లతో పోయిన మనిషి దాహంతో పోదని వాళ్ల నమ్మకం. మా అమ్మమ్మకు అవ్వ అట్లాగే పోసింది. ఆ సంగతి చెప్పినప్పుడల్లా కుడిచెయ్యి పుడిసిలి పట్టి చూపించేది.

మరునాడు నేను బడిలో గోడకు వేలాడే దేశపటాన్ని చుట్టి సైకిలు మీద ఇంటికి తెచ్చాను. చాప మీద పరిచి నాలుగు మూలలా నాలుగు చెంబులు పెట్టాను. అవ్వ దగ్గర పసుపు దారం ముక్క అడిగి తీసుకున్నాను. హైదరాబాద్ చుక్క మీద ఒక కొస, నాగపూర్ చుక్క మీద ఇంకో కొస పట్టి, ఆ పొడవును పటం అడుగున ఉన్న కొలత మీద పెట్టి చూశాను. రెండు వందల యాభై మైళ్ళ పైచిలుకు. విమానం గంటకు ఎన్ని మైళ్ళు పోతుందో పిల్లవాడు చెప్పనే చెప్పాడు. పలక మీద భాగహారం చేశాను. అతడు చెప్పిందీ నా లెక్కా ఒక్కటే అయ్యాయి. నాకెంత సంతోషమైందో చెప్పలేను. లెక్క సరిపోతే చాలు, అది దేనికి సరిపోయిందో చూసుకోని మనిషిని నేను.

"సూడవ్వా, గంటన్నర. కావాలంటె ఇంకోపారి కొలుస్త" అన్నాను.

అవ్వ వంగి ఆ దారాన్ని చూసింది. జానెడు కూడా లేదు.

"మన చెరుకు బండి ఫ్యాక్టరీకి పోయినంత సేపేనా?"

"గంతనే."

"కాడి కట్టినకాడి నుంచా?"

నేను తల ఊపాను.

ఆ దారం మొదటి కొస మా ఊరి మీద లేదు. మా ఊరి నుంచి నిజామాబాద్, నిజామాబాద్ నుంచి రైలెక్కి హైదరాబాద్ చేరితే గాని ఆ కొస మొదలు కాదు. అవ్వకు చదువు రాదు. ఆ చుక్క మన ఇల్లే అనుకుంది. అనుకుంటోందని నాకు తెలుసు. సరిదిద్దితే సంబంధం పోతుంది, తలుపు దగ్గర నిలబడ్డ చెల్లె ముఖం చిన్నబోతుంది. అందుకని ఊరుకున్నాను. మా అవ్వకు నేను అరచేతిలో వైకుంఠం చూపించాను, అదీ పసుపు దారంతో కొలిచి.

ఆమె ఆ దారాన్ని తీసి దేవుడి పటాల వెనక పెట్టుకుంది. ఆ నెలలోనే పెళ్లయింది.

నిజామాబాద్ స్టేషనులో చెల్లెను రైలెక్కించినప్పుడు అవ్వ పెద్దగా ఏడవలేదు. చుట్టాలు ఆశ్చర్యపోయారు. రైలు రెండు చోట్ల మారాలి, సికింద్రాబాద్‌లో ఒకసారి, కాజీపేటలో ఒకసారి, చేరేసరికి రెండో రోజవుతుందని అల్లుడు చెబుతుంటే ఆమె విని ఊరుకుంది. రైలు చుట్టూ తిరిగి పోతుందని, విమానం సూటిగా పోతుందని నేను అంతకుముందే చెప్పి పెట్టాను. రైలు రోజువారీ అవసరానికి. విమానం ఆపద వేళకు. ఆమె మనసులో ఆ రెండూ అట్లా స్థిరపడిపోయాయి. ఆపద వేళ వస్తే అల్లుడు ఎట్లాగూ విమానాల దగ్గరే ఉంటాడు, పిల్లను ఎక్కించి పంపుతాడు.

ఊళ్లో కూడా ఇదే మాట పాకింది. కలుపు తీసే దగ్గర ఆడవాళ్లు అవ్వను ఆట పట్టించేవాళ్లు. "నీకేందే, నీ బిడ్డ పొద్దుగాల అన్నం దింపి వచ్చి, నీ తల దువ్వి, మల్ల నాగపూర్ పొయ్యి పొద్దూకంగ పొయ్యి ముట్టిస్తది" అనేవాళ్లు. అవ్వ నవ్వేది గాని కాదనేది కాదు. ఎప్పుడైనా ఆకాశంలో విమానం చప్పుడైతే చేతిలో కొడవలి ఆపి తలెత్తి చూసేది.

"అల్లుని విమానమేనారా?"

అది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో నాకేం తెలుసు? "అదే అవ్వా" అనేవాణ్ణి. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, అది కనుమరుగయ్యేదాకా చూసి మళ్లీ వంగేది.

చెల్లె బతుకమ్మకు వచ్చేది. మొదటేడు వచ్చింది, రెండో ఏడు కడుపుతో వచ్చింది. తరవాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. రాకపోకలు రెండేళ్లకోసారి అయ్యాయి, తరవాత మూడేళ్లకోసారి. రైల్లో పిల్లలతో రెండు రోజులు పడే పాట్లు నాకు చెప్పి, అవ్వ దగ్గర మాత్రం చెప్పేది కాదు. ఒకసారి అవ్వ అడిగింది, "విమానం ఎక్కినవా బిడ్డా?" అని. చెల్లె నా ముఖం చూసింది. నేను కళ్లతోనే బతిమాలాను.

"అవసరం పడితె ఎక్కుత తియ్యవ్వా. ఇప్పుడేం తొందర?" అంది చెల్లె.

మేమిద్దరం ఆనాడు గెలిచామనుకున్నాం. పిల్లల ఆటలాగే ఉండేది మాకు ఆ గుట్టు. ఏటా పసుపు కొత్తది ఆరగానే అవ్వ ఒక మూట కట్టి నాకిచ్చేది, నేను బోధన్ పోయి పార్సిలు చేసేవాణ్ణి. "గంటన్నరల అందుతది గద" అనేది. పది రోజులకు అందిందని చెల్లె ఉత్తరం వస్తే, నేను చదివేటప్పుడు తేదీ చదివేవాణ్ణి కాదు.

అట్లా ఏడెనిమిదేళ్లు గడిచాయి. నాకూ పెళ్లయింది, కొడుకు పుట్టాడు. ఒక చెరుకు కోతల కాలంలో అవ్వ కడుపు నొప్పని పడుకుంది. ఎన్నడూ పడుకోని మనిషి. బోధన్ డాక్టరు మందులిచ్చాడు. తగ్గలేదు. నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. లోపల గడ్డ ఉందని, కోత పెట్టే దశ దాటిందని అక్కడి డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. ఎన్నాళ్లు ఉంటుందని అడిగితే చెప్పలేమన్నాడు. చూడవలసినవాళ్లు ఉంటే పిలిపించుకొమ్మన్నాడు.

ఇంటికొచ్చి, డాక్టరు మాట దాచి, "చెల్లెకు ఉత్తరం రాస్తనవ్వా, వచ్చి నాలుగు దినాలు ఉండిపోతది" అన్నాను.

"గిప్పుడొద్దు. చిన్నపిల్లకు తట్టు పోసిందని రాసింది గద. గీ సంగతి తెలిస్తె ఆ పిల్లనెత్తుకొని ఉరికొస్తది. పిల్లకు తగ్గనీ. నాకు తెలుస్తది గదరా, అప్పుడు నేనే చెప్త పిలువుమని. గంటన్నరనే గద."

వారం తరవాత మళ్లీ అడిగాను. మళ్లీ అదే జవాబు. గంటన్నరనే గద. నిజం చెప్పడానికి నాకు ఇరవై రోజులు దొరికాయి. రోజూ పొద్దున అనుకునేవాణ్ణి, ఇవాళ చెబుతాను, "అవ్వా, నేను ఆనాడు దారం హైదరాబాద్ మీద పెట్టిన, మనింటి మీద పెట్టలె" అని. రోజూ బడికి పోయేవాణ్ణి. ఒకరోజు అవ్వకు చెప్పకుండానే, వెంటనే బయలుదేరమని చెల్లెకు ఉత్తరం రాశాను. రెంజల్‌లో టపా డబ్బా దాకా పోయి నిలబడ్డాను. చెల్లె రైల్లోనే వస్తుంది. నలిగిన చీరతో, రెండు రోజుల అలసటతో దిగుతుంది. ఇంత ఆపదలో కూడా విమానం ఎక్కలేదేమని అవ్వ అడుగుతుంది. అంతా బయట పడుతుంది. సార్ అనిపించుకున్నవాడు అమ్మకు తప్పుడు లెక్క చెప్పాడని ఊరంతా తెలుస్తుంది. ఉత్తరం జేబులోనే పెట్టుకుని తిరిగొచ్చాను. పిల్లకు తట్టు తగ్గాక వేద్దామని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. సిగ్గు పడుతూనే రాస్తున్నాను, ఆ ఉత్తరం నాలుగు రోజులు నా చొక్కా జేబులో ఉంది.

అయిదో రోజు పొద్దున, ఫ్యాక్టరీలో ఆరు గంటల కూత వినబడ్డాక, అవ్వ నన్ను పిలిచింది. ముఖం తేటగా ఉంది.

"ఇగ పిలువు కొడుకా" అంది.

సైకిలెక్కి బోధన్ ఉరికాను. పోస్టాఫీసు తెరిచేదాకా మెట్ల మీద కూర్చుని మొదటి తంతి నాదే ఇప్పించాను. అది నాగపూర్‌లో ఎప్పుడు అందుతుందో, ఆమె ఏ బండి అందుకుంటుందో నాకు తెలుసు. ఎంత తొందరగా బయలుదేరినా ఎల్లుండికి గాని చేరదు. తిరిగొచ్చేసరికి అవ్వ మంచం వాకిట్లోకి వేయించుకుని ఉంది. తల దువ్వించుకుంది. పక్కన చెంబుతో నీళ్లు పెట్టించుకుంది.

"పిలిచినవా?"

"పిలిచిననవ్వా."

"ఎక్కిందా?"

"ఎక్కింది" అన్నాను. ఇంకేమనను?

ఆమె దారి వైపు తల తిప్పి పడుకుంది. కాసేపటికి నా భార్య చెంచాతో నీళ్లు పట్టబోతే పెదాలు బిగించింది.

"ఉండనియ్యి. అదొస్తది గద. అది పోస్తది."

ఎండ ఎక్కింది. చెరుకు బండ్లు మా వాకిలి ముందు నుంచి వరసగా పోతున్నాయి. ఒక్కో బండి అలికిడికి ఆమె కళ్లు తెరిచేది. పెదాలు ఎండి పొరలు లేచాయి. నా భార్య మళ్లీ చెంచా తెచ్చింది. మళ్లీ వద్దంది. తడిగుడ్డ అద్దబోతే ముఖం తిప్పుకుంది. "అత్తా, గొంతు ఆరిపోతది" అని నా భార్య ఏడ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అవ్వ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"కాడి విప్పే యాళ్ల దాటిపోయింది గదరా. ఎడ్లకు నీళ్లు తాపుకుంట వచ్చినా గింతసేపు కాదు."

అప్పుడు చెప్పవలసింది. చెబితే బిడ్డ ఇంక రాదని, ఆ నీళ్లు అందవని ఆమెకు తెలిసిపోతుంది. చెప్పకపోతే ఎదురు చూస్తూనే ఉంటుంది. ఎదురు చూపు ఉన్నంత సేపు ప్రాణం ఉంటుందని ఏదో ఒక ఆశ. "వస్తున్నదవ్వా, దారిల ఉన్నది" అన్నాను.

రెండు గంటల కూత అయింది. ఆ తరవాత ఆమె దారి వైపు చూడటం మానేసింది. పొద్దు వాలుతుండగా కళ్లు మూసుకునే మాట్లాడింది. గొంతు పొడిబారి మాట గీరుకుంటూ వచ్చింది. నేను చెవి దగ్గర పెడితే గాని వినబడలేదు.

"దానికి రాబుద్ధి కాలేదు కావచ్చురా. ఇగ నీళ్లు నువ్వే పొయ్యి."

చెంబులో నీళ్లు నా పుడిసిట్లో పోసుకుని ఆమె నోటికి పెట్టాను. కొంచెం లోపలికి పోయాయి. ఎక్కువ చెంప మీదుగా కారి జుట్టులోకి పోయాయి. పొద్దు గుంకక ముందే ఆమె పోయింది.

ఊరంతా వచ్చింది. మరునాడు పొద్దున పాడె కట్టేవాళ్లు ఆగారు. పెద్దమనిషి ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "బిడ్డ విమానంల వస్తది గద సారూ, జరసేపు ఆగుదమా?" అన్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. గంటన్నర సంగతి తెలియనివాళ్లు ఎవరూ లేరక్కడ.

"విమానం లేదు. గంటన్నర లేదు. రైల్ల వస్తది, రేపటిదాక రాదు" అన్నాను.

పెద్దమనిషి నా భుజం మీది చెయ్యి తీసి పాడె కట్టేవాళ్లకు సైగ చేశాడు. నన్ను ఒక మాట అన్నా బాగుండేది. ఇరవై రోజులు నా నోట రాని మాట, వినవలసిన మనిషి పోయాక ఎంత సులువుగా వచ్చిందో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. నాకు ఆ పొద్దున తెలిసింది.

చెల్లె మూడో రోజు వచ్చింది. అస్థికలు ఏరి కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, కందకుర్తి పోవడానికి బండి కడుతుంటే వచ్చి వాకిట్లో దిగింది. నేను ఊహించినట్టే ఉంది, నలిగిన చీర, ఊడిన జడ. తట్టు మచ్చలు ఇంకా పోని చిన్నపిల్ల చంకలో ఉంది. మా బావ వెనక నిలబడ్డాడు. ఆయన మాత్రం ఏం చేయగలడు? తంతి అందేసరికి ఆ రోజు విమానం పోయింది. మరునాటిది ఎక్కినా హైదరాబాద్‌లో దిగి మళ్లీ రైలే గదా.

కందకుర్తి దాకా చెల్లె కుండను ఒడిలోనే పెట్టుకుంది. గోదావరి, మంజీర కలిసే చోట మోకాళ్ల లోతు నీళ్లలో ఇద్దరం దిగి వదిలాం. బయటికి వచ్చి ఇసుకలో కూర్చున్నాక అంది:

"అవ్వ జర బక్కపడ్డదని నువ్వు దసరాకు రాసినప్పుడే రావాలనిపించిందన్నా. పిలిస్తె పోదమనుకున్న. నువ్వు చెప్పిన గంటన్నర నాక్కూడ మనసుల కూసున్నది. రైల్ల ఎన్నిసార్లు తిరిగినా, అవ్వ దగ్గర్నే ఉన్నదనిపిచ్చేది. దూరమనుకుంటె ఎప్పుడో వచ్చేదాన్ని."

నేను తడిసిన పంచె అంచు పిండుకున్నాను.

"నా గురించి ఏమన్నదన్నా?"

రాబుద్ధి కాలేదు కావచ్చురా. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది.

"నువ్వొస్తున్నవని తెలిసి నిమ్మళంగ పోయిందమ్మా. దారిల ఉన్నదని చెప్పిన. సరే అన్నది" అన్నాను.

"నీళ్లు ఎవరు పోసిన్రు?"

"నేనే పోసిన. నీ పేరు చెప్పి పోసిన."

చెల్లె నా భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపులో ఒక ఊరట ఉంది, అది నాకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు ఇది రాయగలుగుతున్నానంటే, చెల్లె కూడా పోయి ఆరేళ్లు దాటింది కాబట్టి. ఆమె ఉండగా ఈ కాగితం మీద కలం పెట్టేవాణ్ణి కాదు.

తరవాత పదకొండు పన్నెండేళ్లకు చెల్లె పెద్దబిడ్డ పెళ్లి కుదిరింది. నేను విమానంలో వస్తానని బావకు ఉత్తరం రాశాను. నా భార్య, కొడుకు ముందే రైల్లో వెళ్లారు. మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. సోకు చేస్తున్నానని నా భార్య అంది. సోకని అనుకున్నా సరే, ఒక్కసారి ఆ దారం మీద నేను పోయి చూడాలనుకున్నాను.

మా ఇంటి నుంచి పొద్దున ఆరు గంటల కూతకు బయలుదేరాను. బోధన్, నిజామాబాద్, అక్కడి నుంచి రైలు. హైదరాబాద్‌లో ఒక చుట్టం ఇంట్లో పడుకుని, మరునాడు బేగంపేట చేరి, విమానం ఆలస్యమైతే బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అది నేల విడవగానే చేతి గడియారం చూశాను. పక్కవాళ్లు కిటికీలోంచి చూస్తుంటే నేను ముల్లునే చూస్తూ కూర్చున్నాను. కింద గోదావరి వచ్చిందని ఎవరో అన్నారు. అప్పుడు మాత్రం తలెత్తాను. సన్నగా, నా పలక మీద గీసిన గీతలాగా ఉంది. అవ్వను వదిలిన నీళ్లు ఎప్పుడో సముద్రంలో కలిసి ఉంటాయి. చక్రాలు నేలకు తగిలాక మళ్లీ గడియారం చూశాను. విమానాలు కొత్తవి, వేగం పెరిగింది. గంటన్నర కూడా పట్టలేదు. నా లెక్కలో తప్పేమీ లేదు. తప్పు లేకపోయేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చెల్లె ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. ఆమె పసుపు చేతులతో ఎదురొచ్చింది, ఆ పసుపు మా చేనిదే. పెళ్లికూతురు పక్కన నిలబడి ఉంది.

"మీ మామ విమానంల వచ్చిండే," అని చెల్లె బిడ్డతో అంది. "మీ అమ్మమ్మకు మీ మామనే చెప్పిండు, నాగపూర్ గంటన్నరనే అని. గా మాట మీదనే నన్ను గీడికిచ్చింది. నేను వస్తున్ననని తెలిసి నిమ్మళంగ కన్ను మూసింది, పాపం. నా పేరు చెప్పి పోస్తెనే నీళ్లు మింగింది." తరవాత నా వైపు తిరిగింది. "నిజంగ గంటన్నరనే పట్టిందా అన్నా?"

నిన్న పొద్దున ఆరు గంటల కూతకు కాడి కట్టాను. ఇప్పుడు పొద్దు గుంకుతోంది. అవ్వ లెక్కన అది రెండు పొద్దుల దూరం. చెల్లె ముఖంలోకి చూశాను. పందిరి కింద దీపాలు పెడుతున్నారు.

"గంటన్నరనే చెల్లె" అన్నాను.

ఆమె నవ్వి నా చేతిలో సంచి అందుకుంది. "ఇగ కాడి విప్పన్నా, ఇల్లొచ్చింది" అంది, అచ్చం అవ్వ గొంతుతో.

నేను చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయాను. అవ్వ చివరిగా అన్న మాట ఆమెకు ఆనాడూ చెప్పలేదు, తరవాతా చెప్పలేదు.